పాత గని బావుల్లో మనిషి దిగకుండా వెతకడం: కెమెరా అమరిక తయారీకి సమగ్ర మార్గదర్శి

రాయలసీమలో వదిలేసిన గనులన్నీ ఒక్క తీరువి కావు. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఒకప్పుడు బంగారం తవ్విన రామగిరిలో నిట్టనిలువు బావులు, వాటి నుంచి పక్కలకు పోయే లెవెళ్లు ఉన్నాయి. పులివెందుల ప్రాంతంలోని బ్రాహ్మణపల్లె చుట్టుపక్కల ఆస్బెస్టాస్ (రాతినార) గనులు ఉన్నాయి. బనగానపల్లె వైపు వజ్రాల కోసం తవ్విన పాత గుంతలు పెద్ద లోతు ఉండవు కానీ, అడుగున మనిషి పాకిపోయేంత ఇరుకైన దారులు ఉంటాయి. మేకల కాపరో, పశువో, కట్టెలకు వెళ్లిన మనిషో కనిపించకుండా పోయి, ఇలాంటి గోతిలో పడ్డారేమోనన్న అనుమానం వచ్చినప్పుడు ఊరివాళ్లు మొదట చేసేది ఒక ధైర్యవంతుడి నడుముకు మోకు కట్టి కిందికి దించడం. ఆ పని అవసరం లేకుండా చేసే పరికరాన్ని అనంతపురం, కడప, కర్నూలు బజార్లలో దొరికే సామాన్లతో ఎలా తయారు చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిని తలపెట్టేవాళ్లు తొంభై పాళ్లు ఆలోచన కెమెరా ఎంపిక మీదే ఖర్చు పెడతారు. నిజానికి మొత్తం అమరికలో తేలికగా దొరికేదీ, తేలికగా మార్చుకోగలిగేదీ కెమెరాయే. బావి నోటి మీద తాడును ఎలా నిలబెడతారు, కేబులు మీద బరువు పడకుండా ఎలా చూస్తారు, దీపాన్ని ఎక్కడ బిగిస్తారు అన్న మూడు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే, మామూలు సీసీ కెమెరాతో కూడా పని జరుగుతుంది. అందుకే ఈ వివరణలో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి దశ: అనుమతి, పాత ప్లాన్లు

మనిషి తప్పిపోయాడన్న సమాచారం ఉంటే ముందు 112కు, అగ్నిమాపక శాఖ 101కు ఫోను చేయాలి. ఈ పరికరం వాళ్లకు తోడుగా పనికి వచ్చేదే తప్ప, వాళ్ల స్థానంలో నిలిచేది కాదు. తీరికగా చేసే పరిశీలన అయితే తహసీల్దారు కార్యాలయానికి, గనులు, భూగర్భ శాఖకు, స్థలం ఎవరి లీజులో ఉందో వారికి రాతపూర్వకంగా తెలిపి, అనుమతి వచ్చిన తర్వాతే సామాను దింపాలి.

గనిని వదిలేసేటప్పుడు యజమాని అప్పటి ప్లాన్లను గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్‌కు, అంటే ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే డీజీఎంఎస్‌కు సమర్పించాలన్నది నిబంధన. ప్లాను దొరికితే బావి లోతు, లెవెళ్లు ఏ లోతులో ఏ దిక్కుకు పోతాయి, రెండో బావితో ఎక్కడ కలుస్తుంది అన్నవి ముందే తెలుస్తాయి. దొరకకపోతే ఆ గనిలో పనిచేసిన ముసలివాళ్లను అడగాలి. లోతు తెలుసుకోవడానికి రాయి వేసి చప్పుడు వినే అలవాటు మన దగ్గర ఉంది. అడుగున మనిషి ఉండే అవకాశం రవ్వంత ఉన్నా ఆ పని చేయకూడదు.

రెండో దశ: బావి నోరు, దాని చుట్టూ నేల

ప్రమాదం బావి అడుగున కన్నా అంచు దగ్గరే ఎక్కువ. పాత గని బావుల నోటి చుట్టూ కట్టిన కర్రల ఒర కుళ్లిపోయి, పైన ఉన్న మెత్తటి మట్టి లోపలికి జారుతూ, బయటికి గట్టిగా కనిపించే అంచు కింద బోలుగా ఉండవచ్చు. రామగిరిలో ఉన్నట్టు పొరలు పొరలుగా చీలే షిస్టు రాయిలో ఈ జారుడు మరీ ఎక్కువ. నేల మీద నోటి చుట్టూ వంపు తిరిగిన పగుళ్లు కనిపిస్తే, ఆ పగుళ్లకు అవతల మరో రెండు మీటర్లు వదిలి సున్నంతో గీత గీయాలి. ఆ గీత లోపలికి ఎవరూ నడవకూడదు. తప్పనిసరిగా వెళ్లాల్సిన ఒక్క మనిషి ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలను, నడుమును, తొడలను పట్టి ఉంచే పట్టీల అమరిక) వేసుకుని, వెనుక కదలని ఆధారానికి కట్టిన తాడుతో, ఆ తాడు బిగువుగా ఉండగానే వెళ్లాలి.

అంచు దగ్గరికి పోకుండా కెమెరాను నోటి నడుమకు చేర్చాలంటే, బోరు మోటారు దించే మూడు కాళ్ల స్టాండును నోటి మీదే నిలబెట్టడం సరైన పద్ధతి కాదు. దాని కాళ్లు పడేది సరిగ్గా నమ్మలేని నేల మీదే. దానికి బదులు నోటికి అడ్డంగా ఒక తాడు కట్టాలి. ఇద్దరు మనుషులు తాడు చెరొక కొసా పట్టుకుని, సున్నపు గీతకు బయట చెరొక వైపు నడిస్తే తాడు దానంతట అదే నోటి మీదికి వస్తుంది. దాని నడుమ ముందుగానే ఒక పెద్ద కప్పీ బిగించి, అసలు దించే తాడును, కేబులును దాని గుండా పోనిచ్చి ఉంచాలి. రెండు వైపులా స్టాండ్లు నిలబెట్టి అడ్డతాడును మనిషి ఎత్తుకు లేపితే, కెమెరాను మోసే ఇనుప పంజరం నేలకు తగలకుండా నోటి మీదికి చేరుతుంది. కప్పీకి రెండు వైపులా సన్నటి తాళ్లు కడితే దాన్ని సరిగ్గా నడుమకు లాక్కోవచ్చు.

అడ్డతాడును ఎంత బిగించాలన్న దాంట్లో ఒక లెక్క ఉంది. మధ్యలో వేలాడే బరువును ఆధారాల మధ్య దూరంతో హెచ్చవేసి, తాడు కుంగిన లోతుకు నాలుగు రెట్లతో భాగిస్తే తాడులోని లాగుడు సుమారుగా వస్తుంది. 12 మీటర్ల దూరం, 1.2 మీటర్ల కుంగు, 20 కిలోల బరువు అనుకుంటే లాగుడు 50 కిలోలు. కుంగు అసలు కనిపించకూడదని ఎవరైనా ఉబలాటపడి 20 సెంటీమీటర్లకు బిగిస్తే అదే బరువుకు లాగుడు 300 కిలోలకు చేరుతుంది. కాబట్టి కాస్త కుంగనివ్వడమే మంచిది. ఇక్కడ మరొకటి గుర్తుంచుకోవాలి. పంజరం రాయికి తట్టుకుని పైనుంచి ఇద్దరు లాగితే నడుమ పడే బరువు 20 కిలోలు కాదు, వంద దాటవచ్చు. ఆధారాలను ఆ లెక్కకే కట్టాలి.

ఆధారానికి చక్రాల కింద రాళ్లు పెట్టిన ట్రాక్టరు మంచిది. వాహనం రాలేని గుట్ట మీద గడ్డపారలు వాడవచ్చు: ఒక్కొక్కటి నేలలోకి మూడింట రెండు వంతులు దిగాలి, తల నోటికి వ్యతిరేక దిశలో కొంచెం వాలి ఉండాలి, ముందు గడ్డపార తల నుంచి వెనక గడ్డపార మొదలుకు మరో తాడు బిగించాలి. రాతి నేలలో ఇది కుదరదు. అక్కడ పెద్ద బండరాయి చుట్టూ తాడు తిప్పి కట్టాలి.

మూడో దశ: తాడు, కేబులు

దించే తాడుకు 10 మిల్లీమీటర్ల స్టాటిక్ తాడు, అంటే పెద్దగా సాగని, లోపల నారల గుండె, పైన అల్లిన తొడుగు ఉన్న రకం తీసుకోవాలి. బోరు మోటార్లకు వాడే పేనిన ప్లాస్టిక్ మోకు చవక, బలంగానూ ఉంటుంది. కానీ బరువు పడగానే పేనిక విప్పుకుంటూ కింద ఉన్న పంజరాన్ని గిరగిరా తిప్పుతుంది. అల్లిన తాడుతో ఆ తిరుగుడు చాలావరకు తగ్గుతుంది. తాడు మీద ప్రతి మీటరుకూ ఒక గుర్తు, ప్రతి పదికీ వేరే రంగు టేపు వేయాలి. పంజరం అడుగు నేల మట్టానికి వచ్చినప్పుడు తాడు పట్టుకున్న మనిషి చేతి దగ్గర ఏ గుర్తు ఉందో రాసుకుంటే, అక్కడి నుంచి లోతు లెక్క మొదలవుతుంది.

బొమ్మ పైకి రావడానికి తీగ తప్ప వేరే దారి లేదనే అనుకోవాలి. వైఫై నిలువు బావిలో ఎదురెదురుగా కనిపించినంత మేర పనిచేసినా, పంజరం ఏ వంపు వెనక్కి వెళ్లినా ఆగిపోతుంది, వెతుకులాటలో అసలు చూడాల్సినవి ఆ వంపులే. వంద మీటర్ల లోపు బావికి గట్టి బయటి తొడుగు ఉన్న క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబులు చాలు. ఈథర్‌నెట్ ప్రమాణం హద్దు కూడా వంద మీటర్లే, అందులో పైన నేల మీద పరిచే పది పదిహేను మీటర్లు కూడా కలిసే ఉంటాయని మరవకూడదు. కొనేటప్పుడు చివర కొంచెం చెక్కి చూడాలి: రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం కనిపిస్తే ఆ కేబులు ఈ పనికి వద్దు. లోతు అంతకు మించితే కేబుల్ టీవీ వాళ్లు ఇళ్లకు లాగే ఫైబర్ డ్రాప్ వైరు, రెండు కొసల్లో మీడియా కన్వర్టర్లు (ఫైబరులోని వెలుగు సంకేతాన్ని మామూలు నెట్‌వర్క్ సంకేతంగా మార్చే పెట్టెలు) వాడవచ్చు; అప్పుడు కరెంటు పైనుంచి రాదు కనుక బ్యాటరీని పంజరంలోనే పెట్టాల్సి వస్తుంది.

కరెంటును ఏ వోల్టేజీలో పంపాలన్నది చాలామంది దాటవేసే విషయం. వంద మీటర్ల క్యాట్ 6లో ఒక్కో తీగ నిరోధం సుమారు 7 ఓములు. పోవడానికి రెండు, రావడానికి రెండు తీగలు జత చేసినా మొత్తం 7 ఓములు మిగులుతుంది. 12 వోల్టుల దగ్గర ఒక ఆంపియరు పంపితే దారిలోనే 7 వోల్టులు పోయి, కిందికి 5 చేరతాయి, కెమెరా మేలుకోదు. అదే 12 వాట్లను 48 వోల్టుల దగ్గర పంపితే పావు ఆంపియరే కావాలి, పోయేది రెండు వోల్టుల లోపే. అందుకే బొమ్మనూ కరెంటునూ ఒకే నెట్‌వర్క్ కేబులులో పంపే 48 వోల్టుల పీఓఈ పద్ధతి వాడాలి. అందులోనూ 802.3ఏటీ రకం స్విచ్చును తీసుకుంటే కింది కొసకు 25 వాట్ల వరకు అందుతుంది. రెండు కెమెరాలకు, చిన్న నెట్‌వర్క్ స్విచ్చుకు, పది వాట్ల దీపాలకు అది సరిపోతుంది. పైన 48 వోల్టుల డీసీతో నడిచే పీఓఈ స్విచ్చు, దానికి యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపితే జనరేటరు లేకుండా ఐదారు గంటలు గడుస్తుంది. జనరేటరు లేకపోవడం అవసరం కూడా, ఎందుకంటే లోపలి నుంచి వచ్చే పిలుపు దాని మోతలో వినపడదు.

కేబులును తాడుకు కట్టే తీరు చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కేబులు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. బరువు పడినప్పుడు తాడు కొంత సాగుతుంది, రాగి తీగ సాగదు. రెండింటినీ సమానంగా చాచి ప్లాస్టిక్ టైలతో బిగించేస్తే, దించిన మరుక్షణం పంజరం బరువంతా కేబులు మీదికి వస్తుంది. అందువల్ల ప్రతి మీటరున్నరకూ ఒక కట్టు వేయాలి, కట్టుకూ కట్టుకూ మధ్య కేబులులో రెండు మూడు సెంటీమీటర్ల వదులు ఉంచాలి, ప్లాస్టిక్ టైకి బదులు గుడ్డ టేపు చుట్టాలి. పంజరం దగ్గర కేబులు పైనుంచి నేరుగా కెమెరా ఉండే డబ్బాలోకి దిగకుండా, డబ్బా కిందికి ఒక వంపు తిరిగి, అక్కడి నుంచి పైకి వచ్చి గ్లాండులోకి, అంటే నీళ్లు చొరకుండా కేబులును బిగించే మూతిలోకి వెళ్లాలి. కేబులు వెంట కారే నీళ్లు ఆ వంపు దగ్గర రాలిపోతాయి.

నాలుగో దశ: పంజరం, డబ్బా, దీపాలు

పంజరాన్ని 8 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీతో ఏ వెల్డింగ్ షాపులోనైనా చేయించవచ్చు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. పైకొస, కిందికొస రెండూ మొనదేలి ఉండాలి. కింది కొసను అందరూ సన్నగా చేయిస్తారు. పైకి లాగేటప్పుడు పాత పైపుల కింద, రాతి అరుగుల కింద తట్టుకునేది పైభాగమే కాబట్టి అది మరింత ముఖ్యం. సామానంతా కలిపి ఎనిమిది కిలోల దాకా ఉండాలి. మరీ తేలికైతే తాడు బిగువుగా నిలవదు.

కెమెరాకు 1080పీ స్పష్టత చాలు. మెగాపిక్సెళ్ల కన్నా తక్కువ వెలుతురులో పనిచేసే సెన్సరు, 2.8 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు, మైకు, స్పీకరుకు దారి ముఖ్యం. ఒకటి కిందికి, ఒకటి పక్కకు చూడాలి. గుండ్రటి డోమ్ కెమెరా వద్దు. దాని గాజు బుడగ మీద దీపం వెలుగు తిరిగి పడి తెర తెల్లబోతుంది. కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలను ఆపేయాలి. అవి లెన్సు పక్కనే ఉండటం వల్ల గాలిలోని దుమ్ము, నీటి తుంపర లెన్సు ముందే మెరిసి అడుగు కనిపించదు. పైగా వాటి వెలుగులో రంగులు తెలియవు, ఎర్ర చీరా బూడిద రంగు బండా ఒకే తీరుగా కనిపిస్తాయి. తెల్లటి ఎల్‌ఈడీలను లెన్సుకు కనీసం 25 సెంటీమీటర్ల దూరంలో, పంజరం అంచున కొంచెం పక్కకు వాల్చి బిగించాలి. దీపాలు రెండుగా ఉండి, ఒకదాన్ని కెమెరా అలారం అవుట్ (ఆదేశం పంపి ఆన్, ఆఫ్ చేయగల చిన్న స్విచ్చు) ద్వారా పైనుంచి ఆపగలిగితే, తుంపర ఎక్కువగా ఉన్నచోట ఒక్కదానితోనే చూడవచ్చు.

నీళ్లున్న బావుల్లో డబ్బా గురించి మరికొంత జాగ్రత్త కావాలి. ప్రతి పది మీటర్ల నీటికి చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 110 మిల్లీమీటర్ల మందపాటి పీవీసీ పైపు, ఓ-రింగుతో (రబ్బరు వలయంతో) బిగించిన 10 మిల్లీమీటర్ల అక్రిలిక్ కిటికీ ఇరవై మీటర్ల నీటికి తట్టుకుంటాయి. కెమెరా పెట్టకముందే ఖాళీ డబ్బాలో పొడి టిష్యూ కాగితం, కొంత బరువు వేసి దగ్గరి సేద్యపు బావిలో ఒక రాత్రి మునగబెట్టి, కాగితం తడిసిందో లేదో చూడాలి. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టడం మరవకూడదు. మే నెల ఎండలో కాగిన డబ్బాలోని గాలి చల్లటి బావిలోకి దిగగానే తన తేమను కిటికీ గాజు మీదే వదులుతుంది.

సెట్టింగులలో మూడు మార్చాలి. షట్టరును 1/50 సెకనుకు మించి నెమ్మదించకుండా నిలపాలి. నాయిస్ (చీకట్లో బొమ్మ మీద కనిపించే చుక్కలు) తగ్గించే సదుపాయాన్ని కనిష్ఠానికి తేవాలి, ఎందుకంటే అది కదిలే వస్తువులను చెరిపేస్తుంది. ఫోకసును రెండు మూడు మీటర్ల దగ్గర చేత్తో స్థిరపరచాలి. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్రోగ్రాంతో చూస్తే, బొమ్మను ఎంత ఆలస్యంగా చూపాలో నిర్ణయించే నెట్‌వర్క్ కాషింగ్ విలువను 300 మిల్లీసెకన్లకు తగ్గించాలి. లేకపోతే తెర మీద రాయి కనిపించేసరికి పంజరం దానికి కొట్టుకుని ఉంటుంది.

ఐదో దశ: గాలి పరీక్ష

కెమెరా కన్నా ముందు దిగాల్సింది గ్యాస్ డిటెక్టరు. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే వాయువు అనే నాలుగింటినీ కొలిచి, కొలతలను దాచుకునే రకాన్ని తాడుకు కట్టి, ప్రతి పది మీటర్లకూ రెండు నిమిషాలు ఆపుతూ అడుగుదాకా దించి, పైకి తీసి చూడాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, గని నిబంధనల ప్రకారం 19 శాతానికి తగ్గిన చోట మనిషి పనిచేయకూడదు. మండే వాయువు పేలుడు కనిష్ఠ హద్దులో పదో వంతుకు చేరినా మన పంజరాన్ని దించకూడదు, ఎందుకంటే ఇందులోని స్విచ్చు, తీగలు నిప్పురవ్వ రాకుండా తయారైన రకం కావు. లాంతరు దించి చూసే పాత అలవాటు ఆక్సిజన్ బాగా తగ్గిందని మాత్రమే చెప్పగలదు, మండే వాయువు ఉంటే అదే ప్రమాదం తెస్తుంది.

గని ఊపిరి పీల్చి వదులుతుందని పాత పనివాళ్లు చెప్పే మాటకు ఆధారం ఉంది. బయటి వాతావరణ పీడనం తగ్గినప్పుడు లోపలి చెడు గాలి నోటి దగ్గరికి ఉబికి వస్తుంది. మన ప్రాంతంలో పీడనం మామూలుగా ఉదయం పది ప్రాంతంలో ఎక్కువగా ఉండి సాయంత్రం నాలుగు దాకా తగ్గుతూ పోతుంది. వాన మబ్బు కమ్మినప్పుడు ఇంకా పడిపోతుంది. అందుకే పనిని తెల్లవారగానే మొదలుపెట్టి పదిలోపు ముగించుకోవడం, గాలి ఎటునుంచి వీస్తుందో ఎప్పుడూ ఆ వైపునే నిలబడటం మేలు. నోటి గోడలకు పెద్ద తేనెతుట్టె ఉందేమో బైనాక్యులరుతో దూరం నుంచే చూసుకోవాలి. ఉంటే ఆ పూటకు పని ఆపేయాల్సిందే.

పులివెందుల వైపు ఆస్బెస్టాస్ గనులకు వేరే నియమం ఉంది. అక్కడ తాడు గోడకు రాసుకుంటే రాలే నార కంటికి కనిపించదు, ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. అతి సన్నటి దుమ్మును ఆపే పీ3 రకం మాస్కు వేసుకోవాలి, మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు. పైకి వచ్చే తాడును తడిగుడ్డ గుండా లాగాలి, ఆ గుడ్డను, తాడును తడిగా ఉండగానే సంచిలో మూటకట్టాలి, అక్కడ తొడిగిన బట్టలతో ఇంటికి వెళ్లకూడదు. నిజానికి ప్రాణం ఉన్న మనిషి కోసం తప్ప, ఆ గనుల్లో తాడు దించకపోవడమే నా సలహా.

ఆరో దశ: దించి వెతకడం

నలుగురు కావాలి: తాడు వదిలేవారు, కేబులు అందించేవారు, తెర చూసేవారు, రాసేవారు. ఆపమని చెప్పే అధికారం అందరికీ, దించమని చెప్పే అధికారం తెర ముందున్నవారికి మాత్రమే ఉండాలి. తెరకు ఎండ తగలకుండా అట్టపెట్టె గూడు, దాని మీద నల్లగుడ్డ కప్పాలి. తాడును చేతులతో ఊరికే వదలకుండా, ఆధారానికి బిగించిన బ్రేకు పరికరం గుండా నిమిషానికి ఐదారు మీటర్ల వేగంతో వదలాలి.

ప్రతి ఐదు మీటర్లకు ఒకసారి, గోడలో నల్లటి ఖాళీ కనిపించిన ప్రతిచోటా ఆగాలి. ఆగగానే బొమ్మ నిలకడగా ఉండదు. యాభై మీటర్ల తాడుకు వేలాడే బరువు ఒకసారి ఊగి రావడానికి 14 సెకన్లు పడుతుంది, ఊపు చల్లారడానికి ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. పంజరం మెల్లగా తిరుగుతుంటే ఆపడానికి తొందరపడనక్కర్లేదు. పక్కకు చూసే కెమెరా ఆ తిరుగుడులోనే చుట్టూ గోడను చూపిస్తుంది. లెవెల్ ఎదురైనప్పుడు రెండు మూడు చుట్లు పూర్తయ్యే దాకా కదలకూడదు. దిక్సూచిని నమ్ముకోవద్దు, పాత ఇనుప నిచ్చెనలు, పైపులు దాని ముల్లును పక్కకు లాగుతాయి. గోడమీద గుర్తుపట్టగల పైపునో, దుంగనో ఆధారం చేసుకుని దిక్కులు రాసుకోవాలి.

అడుగుకు రెండు మూడు మీటర్ల పైన ఆగి, పైనున్నవాళ్లంతా మాటలు ఆపి, స్పీకరులో పేరు పెట్టి పిలిచి, ఒక నిమిషం మైకు వినాలి. ఇంట్లోవాళ్ల గొంతైతే స్పందన వచ్చే అవకాశం ఎక్కువ. మనిషి కనిపిస్తే పంజరాన్ని అక్కడే, అతని మీదికి కాకుండా పక్కకు, దీపం వెలుగుతూ ఉంచి సహాయక బృందానికి లోతు, గాలి కొలతలు, దారిలోని అడ్డంకులు చెప్పాలి. ఆ తర్వాత దిగడం వారి పని.

ఎవరూ కనిపించకపోతే రాతే ముఖ్యం. ఏ లోతు నుంచి ఏ లోతు దాకా గోడ పూర్తిగా కనిపించింది, ఏ లెవెల్లో వెలుగు ఎంత దూరం చేరింది, నీటి మట్టం ఎక్కడుంది, కూలిన మట్టి కుప్ప వెనుక ఏ భాగం అసలు కనిపించలేదు అన్నవి వేరువేరుగా రాయాలి. బనగానపల్లె గుంతల వంటి చోట నిలువు కెమెరా చూడగలిగేది అడుగు మాత్రమే, పక్క దారులన్నీ 'చూడనివి' గానే నమోదు కావాలి. "బావిలో ఎవరూ లేరు" అని ఒక్క ముక్కలో రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టవద్దు, ఎందుకంటే ఆ ముక్కను నమ్మి వెతుకులాట ఆపేసేవాళ్లు ఉంటారు.

ఏడో దశ: తర్వాతి పని

వీడియోను అదే చోట రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి పోలీసులకో తహసీల్దారుకో ఇచ్చి రసీదు తీసుకోవాలి. తప్పిపోయినవారి దృశ్యాలు ఎవరి ఫోనులోకీ వెళ్లకూడదు. తాడును మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టి, చేతివేళ్ల మధ్య మొత్తం జార్చుతూ తొడుగు తెగిన చోట్లు, లోపల మెత్తబడిన చోట్లు వెతకాలి. అలాంటిది దొరికితే అక్కడికి కోసి, మీటరు గుర్తులు మళ్లీ వేసుకోవాలి. సిలికా జెల్ మార్చి, ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు పూసి, బ్యాటరీలను ఆ రాత్రే చార్జింగుకు పెట్టాలి. చోటు వదిలే ముందు, మనం తొలగించిన కంచెను, ముళ్లకంపను ఉన్నచోటే తిరిగి వేసి, ఫోటో తీసి ఆ ఫైలులోనే చేర్చాలి.